అప్‌గ్రేడ్ తర్వాత నెట్‌వర్క్ పోతే: డ్రైవర్‌ను మార్చే ముందు తేల్చుకోవలసినవి

ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన వెంటనే వైఫై గుర్తు మాయం కావడం, కేబుల్ తగిలించి ఉన్నా కనెక్షన్ లేదని చూపించడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది. డ్రైవర్ అంటే ఒక పరికరాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నడపడానికి తోడ్పడే ప్రోగ్రాము. ప్రింటర్ డ్రైవరో, సౌండ్ డ్రైవరో చెడితే ఇంటర్నెట్‌లో వెతికి కావలసిన ఫైలు దించుకోవచ్చు. నెట్‌వర్క్ డ్రైవరే చెడితే ఆ ఫైలును తెచ్చుకునే దారే మూసుకుపోతుంది. తాళంచెవిని పెట్టెలో ఉంచి పెట్టెకు తాళం బిగించినట్టవుతుంది. ఆ కంగారులో చాలామంది చేతికందిన డ్రైవర్లన్నీ ఎక్కించి, తీసి, మళ్లీ ఎక్కించి, అసలు లోపం ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేని స్థితికి కంప్యూటర్‌ను తెస్తారు. ఇలాంటి కంప్యూటర్లను చాలాకాలంగా సరిచేస్తూ వచ్చిన అనుభవంతో నేను గట్టిగా చెప్పదలచినది ఒకటే: లోపం ఏ అంచెలో ఉందో ఆధారంతో తేల్చుకున్నాకే డ్రైవర్ జోలికి వెళ్లాలి. తేల్చుకోవడానికి పట్టే సమయం తక్కువ. తేల్చుకోకుండా చేసే పనికి పట్టే సమయానికి అంతు ఉండదు.

అన్నిటికంటే ముందు తాత్కాలికంగానైనా ఇంటర్నెట్ దారి ఒకటి ఏర్పాటు చేసుకోవడం మంచిది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్‌ను ఆన్ చేస్తే, కంప్యూటర్‌కు ఆ ఫోనే ఒక నెట్‌వర్క్ కార్డులాగా కనిపిస్తుంది. దీనికి కావలసిన డ్రైవర్ ఇప్పటి విండోస్‌లోనూ లినక్స్‌లోనూ సాధారణంగా ముందే ఉంటుంది కాబట్టి, చెడిపోయిన కార్డుతో సంబంధం లేకుండా ఈ మార్గం పనిచేస్తుంది. ఫోన్ అప్పటికే వైఫైలో ఉంటే మొబైల్ డేటా ఖర్చు కాకుండా ఆ వైఫైనే కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు అందించే ఫోన్లు చాలా ఉన్నాయి. ఈ చిన్న సదుపాయం తెలియక, మరో కంప్యూటర్‌లో డ్రైవర్ దించుకుని పెన్‌డ్రైవ్‌లో మోసుకువచ్చి, అది సరిపడక మళ్లీ వెళ్లేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

అప్‌గ్రేడ్ వల్ల నెట్‌వర్క్ ఎందుకు పోతుందో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది. కొత్త వ్యవస్థలో ఆ కార్డుకు తగిన డ్రైవర్ అసలు లేకపోవచ్చు. ఉన్నప్పటికీ, తయారీదారు ఇచ్చిన డ్రైవర్ స్థానంలో వ్యవస్థ తన సాధారణ డ్రైవర్‌ను పెట్టి ఉండవచ్చు. డ్రైవర్ సరైనదే అయినా దాని డిజిటల్ సంతకాన్ని (అది అసలైనదేనని చూపే ముద్రను) కొత్త వ్యవస్థ అంగీకరించకపోవచ్చు, లేదా కార్డులోకి ఎక్కించవలసిన ఫర్మ్‌వేర్ (కార్డు లోపల నడిచే ప్రోగ్రాము) ఫైలు దొరకకపోవచ్చు. ఇవేవీ కాకుండా, డ్రైవర్ మీద కూర్చున్న పాత వీపీఎన్ లేదా యాంటీవైరస్ భాగం దారికి అడ్డుపడుతూ ఉండవచ్చు. వినియోగదారుకు ఇవన్నీ "ఇంటర్నెట్ రావడం లేదు" అనే ఒకే రూపంలో కనిపిస్తాయి, కానీ వీటిలో ఒకదానికి పనిచేసే చికిత్స మరొకదానికి పనిచేయదు.

అందుకే కింది నుంచి పైకి ఒక్కొక్క అంచెనూ చూసుకుంటూ వెళ్లాలి. కార్డు అనే పరికరం ఉన్నట్టు వ్యవస్థ గుర్తించిందా, దానికి డ్రైవర్ జతపడిందా, కేబుల్ లేదా వైఫై సంబంధం ఏర్పడిందా, నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను గుర్తించే ఐపీ చిరునామా వచ్చిందా, రౌటర్ వరకూ పింగ్ (జవాబు వస్తుందో లేదో చూసే చిన్న పరీక్షా సందేశం) వెళ్తోందా, ఇంటర్నెట్‌లోని ఏదైనా ఐపీ చిరునామాకు వెళ్తోందా, చివరగా వెబ్‌సైట్ పేర్లు చిరునామాలుగా మారుతున్నాయా అని వరుసగా అడగాలి. 169.254తో మొదలయ్యే చిరునామా కనిపిస్తే, కార్డు, డ్రైవర్ చాలావరకు పనిచేస్తున్నాయనీ, చిరునామా ఇవ్వవలసిన డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాకపోవడంతో కంప్యూటర్ తనకు తానే ఒక చిరునామా పెట్టుకుందనీ అర్థం. రౌటర్‌కు పింగ్ వెళ్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డ్రైవర్‌ను అనుమానించవలసిన అవసరం దాదాపు లేదు. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్, మధ్యవర్తి సర్వర్ అయిన ప్రాక్సీ, రాకపోకలను అడ్డగించే ఫైర్‌వాల్ వైపు చూడాలి. డ్రైవర్ల కోసం చేసే వెతుకులాటలో చాలా భాగం ఈ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే తప్పిపోయేదని నా నమ్మకం.

విండోస్‌లో మొదటి రెండు ప్రశ్నలకూ జవాబు పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఉంటుంది. అక్కడ కార్డు పేరు పక్కన పసుపు రంగు హెచ్చరిక గుర్తు ఉన్నంత మాత్రాన డ్రైవర్ చెడిందని తీర్మానించకూడదు. ప్రాపర్టీస్ తెరిచి, అందులో రాసి ఉన్న కోడ్ సంఖ్యను చదవాలి. కోడ్ 28 అంటే డ్రైవర్ అసలు ఎక్కలేదని, కోడ్ 39 అంటే డ్రైవర్ ఫైలు పాడైంది లేదా కనిపించడం లేదని, కోడ్ 52 అంటే డిజిటల్ సంతకం సరిచూడలేకపోయిందని, కోడ్ 22 అంటే పరికరాన్ని ఎవరో ఆపివేశారని అర్థం. కోడ్ 10 కొంచెం చిక్కైనది. పరికరం ప్రారంభం కాలేదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు. వైఫై కార్డు విషయంలో కోడ్ 10 గానీ, పరికరం లోపం తెలిపినందున విండోస్ దానిని ఆపిందని చెప్పే కోడ్ 43 గానీ వస్తే, డ్రైవర్ మార్చే ముందు కంప్యూటర్‌ను నిజంగా పూర్తిగా ఆపి చూడాలి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వల్ల, షట్‌డౌన్ చేసినప్పుడు వ్యవస్థ తన కెర్నల్ (దాని కేంద్ర భాగం) స్థితిని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ ఆన్ చేసినప్పుడు దానినే తిరిగి తెచ్చుకుంటుంది. షిఫ్ట్ మీట నొక్కి ఉంచి షట్‌డౌన్ చేస్తే ఈ దాచుకోవడం జరగదు. ఆ తర్వాత చార్జర్ తీసి, కాసేపు ఆగి ఆన్ చేస్తే, తప్పు స్థితిలో ఇరుక్కుపోయిన కార్డు తిరిగి లేచే సందర్భాలు ఉన్నాయి. పరికరంలో ఏ లోపమూ కనిపించకుండా వైఫై జాబితా మాత్రం రాకపోతే, సర్వీసుల్లో వైఫైని నడిపే డబ్ల్యూలాన్ ఆటోకాన్ఫిగ్ నడుస్తోందో లేదో కూడా చూడాలి.

డ్రైవరే కావాలని తేలినప్పుడు, ఏ డ్రైవర్ కావాలన్నది ఊహించకూడదు. ఒకే ల్యాప్‌టాప్ మోడల్‌ను తయారీదారు రెండు మూడు రకాల వైఫై కార్డులతో అమ్ముతూ ఉంటాడు కాబట్టి, మోడల్ పేరు ఒక్కటే సరిపోదు. డివైస్ మేనేజర్‌లో ఆ పరికరం ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్ ట్యాబ్‌కు వెళ్లి, హార్డ్‌వేర్ ఐడీస్ అనే అంశాన్ని ఎంచుకుంటే, అందులో వెండర్ (చిప్ తయారీదారు) సంఖ్య, డివైస్ సంఖ్య కనిపిస్తాయి. వెండర్ సంఖ్య 8086 అయితే చిప్ ఇంటెల్‌ది, 10ఈసీ అయితే రియల్‌టెక్‌ది, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్‌ది, 168సీ అయితే క్వాల్‌కామ్ ఎథెరోస్‌ది, 14సీ3 అయితే మీడియాటెక్‌ది. పరికరానికి పేరు లేకుండా "తెలియని పరికరం" అని చూపిస్తున్నప్పుడు కూడా ఈ సంఖ్యలు ఉంటాయి, అందుకే వీటిని మించిన ఆధారం మరొకటి లేదు. డ్రైవర్ కోసం మొదట ల్యాప్‌టాప్ తయారీదారు సైటును, అక్కడ కొత్త వ్యవస్థకు తగినది లేకపోతే చిప్ తయారీదారు సైటును చూడాలి. "మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో సరిచేస్తాం" అనే ప్రోగ్రాముల జోలికి వెళ్లవద్దని నేను ఎవరికైనా చెబుతాను. అవి ఏ ఫైలును ఎక్కడి నుంచి తెచ్చి ఎక్కించాయో తర్వాత తెలుసుకోవడం కష్టం, కెర్నల్‌లో నడిచే ప్రోగ్రామును అలాంటి చేతుల్లో పెట్టడం ప్రమాదకరం.

కొత్త డ్రైవర్ తెచ్చుకునే ముందు చూడవలసిన చోటు మరొకటి ఉంది. డివైస్ మేనేజర్‌లో అప్‌డేట్ డ్రైవర్ ఎంచుకుని, కంప్యూటర్‌లో ఉన్న డ్రైవర్ల జాబితా నుంచి నేనే ఎంచుకుంటానని చెబితే, ఆ కార్డుకు సరిపోయే డ్రైవర్లు ఒకటి కంటే ఎక్కువ అక్కడ కనిపించవచ్చు. అప్‌గ్రేడ్ సమయంలో కొత్త తేదీ ఉన్నదానిని వ్యవస్థ ఎంచుకుని, బాగా పనిచేసిన పాతదానిని పక్కన పెట్టి ఉంటే, పాతది ఆ జాబితాలో ఇంకా ఉంటుంది. రోల్ బ్యాక్ బటన్ కూడా ఇదే పని చేస్తుంది, కానీ ఆ బటన్ మసకగా ఉంటే వెనక్కి వెళ్లడానికి తగిన డ్రైవర్ నమోదై లేదని అర్థం. అసలు ఏం జరిగిందో తెలుసుకోవాలనుకునేవారు విండోస్ ఫోల్డర్‌లోని ఐఎన్ఎఫ్ ఫోల్డర్‌లో ఉండే సెటప్ ఏపీఐ డెవ్ లాగ్ ఫైలును తెరవాలి. ఏ పరికరానికి ఏ డ్రైవర్లను పరిశీలించి, దేనిని ఎంచుకుందో వ్యవస్థ అందులో రాసుకుంటుంది. తప్పు జరిగిన పంక్తుల ముందు మూడు ఆశ్చర్యార్థకాలు ఉంటాయి. ఆ ఫైలు పెద్దదే, కానీ హార్డ్‌వేర్ ఐడీని వెతికితే కావలసిన భాగం వెంటనే దొరుకుతుంది.

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఫిల్టర్ డ్రైవర్ల వ్యవహారం. వీపీఎన్ ప్రోగ్రాములు, కొన్ని యాంటీవైరస్‌లు, వర్చువల్ మెషిన్ల కోసం వంతెనలు వేసే ప్రోగ్రాములు నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌కూ, ఇంటర్నెట్ సంభాషణను నడిపే టీసీపీ ఐపీకీ మధ్య తమ పొరను చొప్పిస్తాయి. పాత వ్యవస్థ కోసం రాసిన ఆ పొర కొత్తదానిలో సరిగా ఎక్కకపోతే, కార్డు బాగున్నట్టు, డ్రైవర్ సరైనదే అయినట్టు, కేబుల్ కలిసి ఉన్నట్టు కనిపిస్తూనే డేటా ప్యాకెట్లు ముందుకు కదలవు. డివైస్ మేనేజర్‌లో కోడ్ 56 కనిపించి, ఆ తరగతి పరికరాల అమరిక ఇంకా జరుగుతోందని చెబుతూ అక్కడే ఆగిపోతే, నేను మొదట అనుమానించేది ఇలాంటి పాత పొరనే. ఇక్కడ కార్డు డ్రైవర్‌ను ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు, ఎందుకంటే ప్రతిసారీ ఆ పొర వచ్చి మళ్లీ దాని మీదే కూర్చుంటుంది. అడాప్టర్ ప్రాపర్టీస్‌లో కనిపించే అంశాల జాబితాను చూసి, మైక్రోసాఫ్ట్‌వి కాని వాటికి ఒక్కొక్కదానికి టిక్కు తీస్తూ ప్రతిసారీ పింగ్ పంపి చూస్తే దోషి బయటపడుతుంది. ఆ తర్వాత ఆ ప్రోగ్రామును దాని సొంత అన్‌ఇన్‌స్టాలర్‌తోనే తీసివేసి, కొత్త వ్యవస్థకు సరిపోయే వెర్షన్‌ను ఎక్కించాలి. సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ రీసెట్ కూడా ఈ స్థితిలో పనికివస్తుంది, కానీ అది అన్ని అడాప్టర్లనూ తీసి మళ్లీ అమరుస్తుంది కాబట్టి వీపీఎన్, వర్చువల్ స్విచ్‌ల వంటి వాటిని తిరిగి ఏర్పాటు చేసుకోవలసి వస్తుంది. స్థిరంగా పెట్టుకున్న ఐపీ చిరునామాలు, డీఎన్ఎస్ వివరాలు రాసిపెట్టుకోకుండా ఆ బటన్ నొక్కడం మంచిది కాదు.

లినక్స్‌లో ఆధారాలు మరింత స్పష్టంగా దొరుకుతాయి. ఎల్ఎస్‌పీసీఐ ఆదేశాన్ని ఎన్, ఎన్, కే అక్షరాలతో నడిపితే, ప్రతి కార్డుకూ దాని సంఖ్యలు, దానిని ప్రస్తుతం నడుపుతున్న డ్రైవర్, నడపగలిగే మాడ్యూళ్లు (కెర్నల్‌లోకి ఎక్కే డ్రైవర్ ఫైళ్లు) వరుసగా కనిపిస్తాయి. నడపగల మాడ్యూల్ పేరు ఉండి, నడుపుతున్న డ్రైవర్ పంక్తి లేకపోతే, డ్రైవర్ ఉన్నా ఎక్కలేదని అర్థం. అలాంటప్పుడు కెర్నల్ సందేశాలను చదవడం కంటే దగ్గరి దారి లేదు. ఆర్ఎఫ్‌కిల్ ఆదేశంతో వైఫైని సాఫ్ట్‌వేర్ గానీ, ల్యాప్‌టాప్ మీద ఉన్న మీట గానీ ఆపి ఉంచిందేమో కూడా ముందే చూడాలి. అది ఒక్క క్షణం పని.

కెర్నల్‌లో భాగంగా కాకుండా విడిగా ఎక్కించుకున్న డ్రైవర్లు అప్‌గ్రేడ్‌లో ఎక్కువగా దెబ్బతింటాయి. ప్రతి కొత్త కెర్నల్‌కూ వాటిని తిరిగి కంపైల్ చేసే (మూల కోడ్ నుంచి తయారు చేసే) బాధ్యత డీకేఎంఎస్ అనే సాధనం తీసుకుంటుంది, కానీ అందుకు కావలసిన కొత్త కెర్నల్ హెడర్ ఫైళ్లు లేకపోయినా, కెర్నల్ లోపలి ఫంక్షన్లు మారి పాత కోడ్ కంపైల్ కాకపోయినా, ఆ పని మధ్యలో ఆగిపోతుంది. డీకేఎంఎస్ స్టేటస్ అడిగితే ఏ కెర్నల్‌కు మాడ్యూల్ తయారైందో, దేనికి కాలేదో తెలుస్తుంది. ఇక్కడ ఒక చిక్కుముడి తరచుగా ఎదురవుతుంది. రియల్‌టెక్ ఈథర్‌నెట్ కార్డు కోసం ఆర్8168 అనే విడి డ్రైవర్‌ను ఎక్కించుకున్నవారు, కెర్నల్‌లో సహజంగా ఉండే ఆర్8169ని ఎక్కకుండా బ్లాక్‌లిస్టులో పెట్టి ఉంటారు. అప్‌గ్రేడ్ తర్వాత విడి డ్రైవర్ కంపైల్ కాకపోయినా బ్లాక్‌లిస్టు పంక్తి మాత్రం అలాగే ఉంటుంది, దాంతో కార్డుకు రెండు డ్రైవర్లూ లేకుండా పోతాయి. మోడ్‌ప్రోబ్ డీ ఫోల్డర్‌లోని ఆ పంక్తిని తీసివేస్తే కెర్నల్ డ్రైవర్ తనంతట తానే ఎక్కుతుంది, చాలా సందర్భాల్లో ఇక విడి డ్రైవర్ అవసరమే ఉండదు. కొన్ని రియల్‌టెక్ యూఎస్‌బీ వైఫై పరికరాలదీ ఇదే కథ: 2023లో వచ్చిన 6.2 కెర్నల్ నుంచి ఆర్‌టీడబ్ల్యూ88 అనే డ్రైవర్ యూఎస్‌బీ పరికరాలను కూడా నడపగలుగుతోంది కాబట్టి, పాత కెర్నల్ రోజుల్లో ఎక్కించుకున్న విడి డ్రైవర్‌ను తీసివేయడమే వాటికి సరైన చికిత్స కావచ్చు. అప్‌గ్రేడ్ అయిన ప్రతిసారీ, విడి డ్రైవర్ ఇంకా కావాలా అని ముందుగా ప్రశ్నించుకోవడం ఆరోగ్యకరమైన అలవాటు.

మాడ్యూల్ చక్కగా కంపైలై కూడా ఎక్కకపోతే సెక్యూర్ బూట్‌ను గుర్తుచేసుకోవాలి. ఆ రక్షణ ఆన్‌లో ఉన్నప్పుడు, గుర్తింపు పొందిన కీతో సంతకం చేయని మాడ్యూల్‌ను కెర్నల్ తిరస్కరించి, కీని అంగీకరించలేదన్న సందేశం ఇస్తుంది. దీనికి పరిష్కారంగా సెక్యూర్ బూట్‌నే ఆపివేయమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను అలా చెప్పను. మోకుటిల్ అనే ఆదేశంతో సొంత కీని నమోదు చేసి, మళ్లీ బూట్ అయ్యేటప్పుడు వచ్చే నీలం తెరలో దానిని ఆమోదిస్తే, డ్రైవరూ ఎక్కుతుంది, రక్షణా మిగులుతుంది.

ఫర్మ్‌వేర్ విషయంలో సందేశాలను జాగ్రత్తగా చదవాలి. డ్రైవర్ అన్నది కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాము, ఫర్మ్‌వేర్ అన్నది కార్డు లోపల నడిచే ప్రోగ్రాము. చాలా వైఫై కార్డుల్లో ఆ రెండోదానిని కూడా ప్రతిసారీ డ్రైవరే డిస్క్ నుంచి చదివి కార్డులోకి ఎక్కించాలి. ఇంటెల్ వైఫై డ్రైవర్ తనకు తెలిసిన అతి కొత్త ఫర్మ్‌వేర్ వెర్షన్‌ను ముందు అడిగి, లేకపోతే ఒక్కొక్క మెట్టు దిగుతూ పాతవాటిని వెతుకుతుంది. అందుకే ఫైలు దొరకలేదన్న మైనస్ 2 దోషం కెర్నల్ సందేశాల్లో కనిపించినా, దాని కింద ఏదో ఒక వెర్షన్ ఎక్కిందన్న పంక్తి ఉంటే అది లోపం కాదు. ఏదీ ఎక్కలేదన్న పంక్తితో వరుస ముగిస్తేనే ఫర్మ్‌వేర్ ప్యాకేజీని సరిచూడాలి. డెబియన్ అనే లినక్స్‌లో 11 నుంచి 12కు వెళ్లేవారు ఒక మార్పును తప్పక గమనించాలి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో స్వేచ్ఛారహిత ఫర్మ్‌వేర్ ప్యాకేజీలను నాన్ ఫ్రీ విభాగం నుంచి నాన్ ఫ్రీ ఫర్మ్‌వేర్ అనే కొత్త విభాగానికి మార్చారు. ప్యాకేజీలను ఎక్కడి నుంచి తేవాలో చెప్పే సోర్సెస్ జాబితాలో ఆ కొత్త విభాగాన్ని చేర్చకపోతే, కెర్నల్ కొత్తదవుతుంది గానీ ఫర్మ్‌వేర్ పాతదే మిగిలిపోతుంది.

డ్రైవర్, ఫర్మ్‌వేర్ రెండూ ఎక్కిన తర్వాత కూడా నెట్‌వర్క్ రాకపోతే కార్డు పేరు మారిందేమో చూడాలి. 2013లో, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్‌తో, కార్డు ఉన్న చోటును బట్టి పేరు పెట్టే పద్ధతి వచ్చింది. ఈథ్0 అని ఉన్న కార్డుకు అప్‌గ్రేడ్ తర్వాత మరో పేరు వస్తే, పాత పేరుతో రాసిన సెట్టింగుల ఫైలు ఉన్నా లేనట్టే. మానిటర్ లేకుండా దూరంగా నడిచే సర్వర్ల విషయంలో ఇది చాలా ప్రమాదకరం, ఎందుకంటే లోపలికి వెళ్లి సరిచేసే మార్గమే పోతుంది. అలాంటి సర్వర్లలో పేరుకు బదులు కార్డుకు తయారీలోనే ఇచ్చే మ్యాక్ చిరునామాను ఆధారం చేసుకుని సెట్టింగులు రాయడాన్ని నేను ఇష్టపడతాను.

యాపిల్ మ్యాక్‌లలో లోపలి కార్డుకు ఇలాంటి ఇబ్బంది అరుదు. బయటి యూఎస్‌బీ ఈథర్‌నెట్ అడాప్టర్లు మాత్రం ఆగిపోవచ్చు, ఎందుకంటే 2019లో వచ్చిన మ్యాక్ ఓఎస్ కాటలీనా నుంచి కెర్నల్ ఎక్స్‌టెన్షన్ల (కెర్నల్‌లో నడిచే డ్రైవర్ల) స్థానంలో, డ్రైవర్లను కెర్నల్ బయట నడిపే డ్రైవర్‌కిట్‌ను తీసుకురావడం మొదలైంది. ప్రామాణిక యూఎస్‌బీ నెట్‌వర్క్ పద్ధతిని పాటించే అడాప్టర్లకు విడి డ్రైవర్ అక్కర్లేదు కాబట్టి, కొనేటప్పుడే అలాంటివి ఎంచుకోవాలి.

డ్రైవర్ లోపంలా కనిపించి డ్రైవర్ లోపం కానివి కూడా కొన్ని ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 అనే లినక్స్, ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 అనే భద్రతా లైబ్రరీతో వచ్చినప్పుడు, పాత భద్రతా పద్ధతులను వాడే కొన్ని విద్యాసంస్థల, కార్యాలయాల వైఫైలకు అప్పటివరకూ కలిసిన కంప్యూటర్లు కలవలేదు. మిగతా వైఫైలన్నీ పనిచేసి ఒక్కటి మాత్రమే పనిచేయకపోతే ఈ కోణంలో ఆలోచించాలి. అలాగే 2024లో వచ్చిన మ్యాక్ ఓఎస్ సెకోయాలో వైఫైకి అసలు చిరునామా బదులు ప్రైవేటు మ్యాక్ చిరునామాను వాడే సదుపాయం వచ్చింది. నమోదైన చిరునామాలను మాత్రమే అనుమతించే నెట్‌వర్క్‌లలో కంప్యూటర్ తిరస్కరణకు గురైతే కారణం అదే కావచ్చు.

కలిసిన నెట్‌వర్క్ కొద్దిసేపటికి తెగిపోతూ, నిద్ర నుంచి లేచాక తిరిగి రాకపోతే, విద్యుత్ ఆదా అమరికలు మొదటి అనుమానితులు. విండోస్‌లో ఆ కార్డు ప్రాపర్టీస్‌లోని పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపడానికి ఇచ్చిన అనుమతిని తీసివేసి చూడాలి. లినక్స్‌లో వైఫై పవర్ సేవ్‌ను ఆపి చూడాలి.

ఇన్ని చూసినా దారి దొరకకపోతే వెనక్కి వెళ్లడంలో తప్పు లేదు. విండోస్ 10, 11లలో అప్‌గ్రేడ్ చేసిన 10 రోజుల వరకు పాత వ్యవస్థకు తిరిగి వెళ్లే వీలు ఉంటుంది. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లను తీసివేస్తే ఆ వీలు కూడా పోతుంది కాబట్టి, నెట్‌వర్క్ కుదురుకునే వరకూ వాటిని ముట్టుకోకూడదు. లినక్స్‌లో బూట్ సమయంలో వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని బూట్ చేయవచ్చు. అందులో కార్డు పనిచేస్తే, లోపం కొత్త కెర్నల్‌కూ డ్రైవర్‌కూ మధ్య ఉందని కూడా దానితోపాటే తేలిపోతుంది.

అప్‌గ్రేడ్ ఇంకా మొదలుపెట్టనివారికి పని చాలా తేలిక. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పీఎన్‌పీయుటిల్ ఆదేశంలో ఎక్స్‌పోర్ట్ డ్రైవర్ అనే ఎంపికను నక్షత్రం గుర్తుతో ఇచ్చి, ఒక ఖాళీ ఫోల్డర్‌ను చూపిస్తే, మైక్రోసాఫ్ట్‌వి కాని డ్రైవర్లన్నీ అందులోకి చేరతాయి. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, నెట్‌వర్క్ కార్డు హార్డ్‌వేర్ ఐడీని, స్థిరమైన ఐపీ వివరాలను కాగితం మీద రాసుకుని, పాత వీపీఎన్‌ను తీసివేసి, ఫోన్ యూఎస్‌బీ టెదరింగ్ ఆ కంప్యూటర్‌తో పనిచేస్తోందో లేదో ఒకసారి పరీక్షించిన తర్వాతే అప్‌గ్రేడ్ బటన్ నొక్కండి.